మూడున్నర అడుగులు

1, సోమవారం

ఒప్పందం కుదిరింది. రాసి పెట్టుకుంటే తర్వాత ఎవరూ మాట మార్చరు. ఎవరూ అంటే మనవరాలు.

యూనిఫాంలు కుట్టించి అమ్మే కంపెనీ ఒకటి కేటలాగుకు ఫొటోలు కావాలంది. నలుగురు మనుషులు, నాలుగు యూనిఫాంలు. టోపీ నుంచి బూటు దాకా నిలువెత్తున పడాలి. ఇవి నచ్చితే ఏడాది పొడుగునా ఆ పని పిల్లదే. పంతొమ్మిది, శుక్రవారం సాయంత్రంలోపు అందాలి. నచ్చకపోతే పిల్ల ఇరవై రెండున ఇన్సూరెన్సు ఆఫీసులో చేరాలి. ఆ ఉద్యోగం నేను చూసి పెట్టిందే. అక్కడి పెద్ద ఆఫీసరు ఒకప్పుడు నా క్లాసులో మూడో బెంచీ. లెక్కల్లో అంతంత మాత్రం, కానీ మాట మీద నిలబడే మనిషి.

ఈ పనికి కావలసిన లెన్సు నేను కొనిస్తాను. ఒక్కటే. రెండోది అడగకూడదు. "సరే నానమ్మా" అని పిల్ల చెయ్యి చాచింది. షేక్ హ్యాండ్ ఇవ్వాలట. "ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని భోజనానికి రా" అన్నాను.

ఫొటోల మీద నాకు ఏ అభిప్రాయమూ లేదు. నెల జీతం మంచిదని మాత్రమే నా అభిప్రాయం. పిల్లను నా దగ్గర వదిలి ఊరూరా బదిలీల మీద తిరుగుతున్న నా కొడుక్కీ అదే అభిప్రాయం ఉండాలి. ఉందో లేదో వాడు చెప్పడు.

2, మంగళవారం

పిల్ల యాభై అంకె లెన్సు చాలంటుంది. కారణం చెప్పమన్నాను.

"మన హాలుకి అదే నప్పుతుంది నానమ్మా."

"నప్పుతుందనేది కారణం కాదు. లెక్క చెప్పు."

చెప్పలేకపోయింది. కాబట్టి రోజంతా కూర్చుని నేనే చదివాను. పిల్లకు తెలిసినదంతా ఆరో తరగతి సరుకే, కాకపోతే ఎవరూ వరసలో చెప్పరు.

లెన్సు మీద అంకె పెరిగేకొద్దీ దూరంగా నిలబడి తీయాలి. దూరం నుంచి తీస్తే మనిషి కొలతలు చెడవు. కంపెనీ మేనేజరు ఇదివరకటి ఫొటోగ్రాఫరును ఎందుకు మానిపించాడో పిల్ల చూపించింది. దగ్గర నుంచి తీశాడు. టోపీ గంగాళమంత, బూట్లు బొమ్మకు తొడిగినంత. ఆ వాచ్‌మన్‌ను చూస్తే దొంగలు రారు సరికదా, పిల్లలు ఆడుకోవడానికి వస్తారు.

ఫ్లాషు వద్దన్నారు. గుడ్డ రంగు మారుతుందట, బొత్తాలు మెరుస్తాయట. కిటికీ వెలుతురుతోనే సరిపెట్టుకోవాలి. అందుకు లెన్సు కన్ను బాగా పెద్దగా తెరుచుకోవాలి. దాన్ని ఫాస్ట్ లెన్సు అంటారు. కన్ను పెద్దదైతే వేగమెందుకవుతుందని అడిగాను. "ఎక్కువ వెలుతురు ఒక్కసారే లోపలికొస్తుంది కదా, తక్కువ సేపు తెరిస్తే చాలు. ఈలోపు మనిషి కదిలినా చెరగదు" అంది. ఇది సరైన జవాబు. కుళాయీ తొట్టీ లెక్క.

అన్నిటికన్నా ముఖ్యం షార్ప్‌గా ఉండటం. జేబు మీద కుట్టు లెక్కపెట్టగలగాలి. పరీక్షల పట్టికలు చూశాను. ఎనభై ఐదు అంకెదానికి మార్కులు ఎక్కువ, కన్ను పెద్దది, కొలతలు చెడగొట్టదు. మూడు విధాలా అదే నెగ్గింది.

మనిషి నిండుగా పడాలంటే లెన్సుకూ మనిషికీ మధ్య పదహారున్నర అడుగులు ఉండాలి. మా హాలు పద్దెనిమిది. అంగుళం అటూ ఇటూ లేదు, పంపకాల నాడు టేపు పట్టింది నేనే. ముప్పై ఆరు అడుగుల హాలు, సరిగ్గా సగం చేసి మధ్యలో చెక్క గోడ కట్టించాం. ఆ గోడకు ఒక తలుపు, ఇటు ఒక గడియ, అటు ఒక గడియ. అటు వాటా మా తోడికోడలిది. గడియ ముందు వేసింది ఆవిడే. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

పద్దెనిమిదిలోంచి పదహారున్నర పోతే ఒకటిన్నర మిగులు. ఎనభై ఐదే.

4, గురువారం

లెన్సుల కొట్టుకు వెళ్లాం. కొట్టాయన నాతో మాట్లాడకుండా పిల్లతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"పాపా, నీకేది చేతికి అలవాటు?"

"పాప నా మనవరాలు. డబ్బు నాది, లెక్క నాది" అన్నాను. "మీరు ఎనభై ఐదు చూపించండి."

తీశాడు. గాజు లోతుగా, నల్లగా, బావిలోకి చూసినట్టుంది.

"మంచిదేనండీ, ఇంతకన్నా షార్ప్‌ది నా దగ్గర లేదు. కానీ నిలువెత్తువి ఇంట్లో తీస్తారా? గది ఎంత ఉంటుందమ్మగారూ?"

"పద్దెనిమిది."

"కాస్త చూసుకోండి మరి..."

"చూసుకోకుండా నేను గడప దాటను."

ఆయన ఇంకేదో అనబోయి పిల్ల వైపు చూశాడు. పిల్ల పైకప్పు వైపు చూసింది. బిల్లు రాయించుకుని వచ్చేశాం. వాపసు తీసుకోరని బిల్లు మీదే అచ్చు వేశారు. ఆ అవసరం రాదు.

5, శుక్రవారం

గోడకు న్యూస్‌పేపరు అంటించి తీయించాను. చివరి కాలమ్‌లో అమ్మకానికున్న పాత కుర్చీల ప్రకటనతో సహా చదవగలిగాను. పిల్ల సంతోషం పట్టలేక లెన్సును బుగ్గకు ఆనించుకుంది. గాజు మీద వేలిముద్ర పడుతుందని చెప్పాను.

నేను ఎంపిక చేసిందని కాదు. నిజంగానే మంచి లెన్సు.

6, శనివారం

వచ్చేవాళ్ల బదులు నన్ను గోడ దగ్గర నిలబెట్టి చూసుకుంటానంది. నిలబడ్డాను. పిల్ల వెనక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి నడిచింది.

"పాదాలు పడటం లేదు నానమ్మా."

"ఇంకొంచెం వెనక్కి జరుగు."

"ఎక్కడికి జరగను? వీపు పుస్తకాల అల్మారాకి తగిలింది."

అల్మారా చెక్క గోడకు ఉంది, ఆ తలుపుకు అడ్డంగా. అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగింది. "ఎవరమ్మా గోడ గుద్దేది? ఇల్లు పడగొడుతున్నారా?" అని ఆవిడ గొంతు. నేను జవాబు చెప్పలేదు. పిల్ల నవ్వు ఆపుకుంది. ఆపుకోవడం కనిపించింది.

అల్మారా తీసేసినా చాలదు. ఇప్పుడు కాగితం మీద సరిగ్గా వేశాను. మనిషి గోడకు ఆనుకుని నిలబడకూడదు, నీడ పడుతుంది, గోడ బీటలు కూడా యూనిఫాం అంత స్పష్టంగా వస్తాయి. మూడడుగులు ముందుకు రావాలి. ఆ తర్వాత పదహారున్నర. ఆ తర్వాత కెమెరా, దాని వెనక పిల్ల. దానికి రెండు అడుగులు. మొత్తం ఇరవై ఒకటిన్నర.

హాలు పద్దెనిమిది. మూడున్నర తక్కువ.

ఫొటో తీసేవాళ్లు కూడా ఎక్కడో ఒకచోట నిలబడాలన్నది ఏ పట్టికలోనూ లేదు. ఆ కొట్టాయనైనా సరిగ్గా చెప్పి ఉండాల్సింది.

7, ఆదివారం

లెక్క తప్పు కాదు. గది తప్పు.

8, సోమవారం

పొద్దున పళ్లు తోముకుంటుండగా తట్టింది. మూల నుంచి మూలకు! గది పొడుగు పద్దెనిమిది, వెడల్పు పదకొండు. కర్ణం ఇరవై ఒక అడుగు, ఒక అంగుళం. ఎంతమంది పిల్లల చేత ఈ లెక్క చేయించాను! ఎప్పటికైనా ఇంట్లో పనికొస్తుందని వాళ్లకు చెప్పేదాన్ని, వాళ్లు నమ్మేవాళ్లు కాదు.

ఐదంగుళాలు తక్కువ. పిల్లను ఊపిరి బిగబట్టమన్నాను.

మూల అనేది కాగితం మీద బిందువు. పిల్లకు భుజాలున్నాయి. రెండు గోడల మధ్యకు వీపు దూరదు, మోచేతులు తెరుచుకోవు, కెమెరా కంటికి ఆనదు. పైగా ఎదురు మూలలో రెండు గోడలు కలిసే గీత మనిషి నడినెత్తి మీద నిలబడింది. ఫొటోలో నాకు కొమ్ము మొలిచినట్టుంది.

"ఇది మాత్రం బాగా వచ్చింది నానమ్మా, నీకు నప్పింది" అంది.

నేను నవ్వలేదు.

10, బుధవారం

మేడ మీదికి వెళ్లాం. చోటుకు కొదవ లేదు. కంపెనీ పంపిన నీలం చొక్కా పొద్దున నీలంగా ఉంది, గంటకు బూడిద రంగులోకి వచ్చింది, మధ్యాహ్నానికి పిల్ల కళ్లు చికిలించుకుని అది తెలుపో నీలమో తేల్చుకోలేకపోయింది. తెల్ల దుప్పటి వెనక కట్టాం. గాలికి అది వచ్చి నన్ను చుట్టుకుంది. పక్క మేడ మీది పెద్దమనిషి "ఏం టీచరుగారూ, నాటకమా?" అని అడిగాడు.

పిల్ల మేనేజరుకు రెండు ఫొటోలు పంపింది. "రంగు ఒకేలా ఉండాలి, లోపల తీయండి" అని వచ్చింది.

అద్దె స్టూడియోలు రెండిటిని అడిగాను. నెలాఖరు దాకా ఖాళీ లేవు.

11, గురువారం

ఒంటరిగా కొట్టుకు వెళ్లాను. పిల్లకు చెప్పలేదు. మార్చుకుని యాభై ఇస్తారా అని అడిగాను. అడగటం కాదు, ఊరికే తెలుసుకున్నాను.

"అంత షార్ప్ యాభై ఇప్పుడు లేదమ్మా, వచ్చే నెల వస్తుంది. ఉన్నవి మామూలువి. పాప మొదట అడిగింది అదే కదా?"

"అడిగింది."

"మరి..."

"వానొచ్చేలా ఉంది" అని వచ్చేశాను. వాన రాలేదు.

12, శుక్రవారం

ఇంకా వారం ఉంది.

13, శనివారం

కుర్చీలు, బల్ల, మంచం వంటింట్లోకి తోయించాను. ఏమీ మారలేదు. సామాను ఎక్కడున్నా పద్దెనిమిది పద్దెనిమిదే. నాకు తెలిసీ తోయించాను. వంటింట్లోకి వెళ్లాలంటే ఇప్పుడు మంచం ఎక్కి దిగాలి.

మనిషి నిలబడే గోడ వెనక వీధి. మాది పై అంతస్తు. గోడ పగలగొట్టినా గాలిలో ఎవరూ నిలబడలేరు. మిగిలింది చెక్క గోడ.

పిల్ల మెల్లగా అంది: "చిన్ననానమ్మను అడగనా? మధ్య తలుపు తీస్తే నేను అటు నిలబడి తీస్తాను. మూడున్నర అడుగులే కదా."

వెనక మెట్ల మీదుగా పిల్ల ఆవిడ దగ్గరికి వెళ్లి వస్తూనే ఉంటుంది. వచ్చాక బట్టల మీద దారపు పోగులు ఉంటాయి. నేను చూడనట్టు ఉంటాను, పిల్ల నేను చూడలేదనుకున్నట్టు ఉంటుంది. ఈ పద్ధతి బాగానే నడుస్తోంది.

"నువ్వడిగినా నేను అడిగించినట్టే" అన్నాను.

"అయితే ఏమవుతుంది?"

పంపకాల నాడు ఏమైందో దానికి తెలియదు. అన్నదమ్ములిద్దరూ ఉన్నారు, వడ్రంగి ఉన్నాడు. నేను టేపు పట్టుకుని సున్నంతో గీత గీస్తున్నాను. ఆవిడ అందరి ముందూ నవ్వింది. "గాలిని కూడా కొలిచి పంచుతావా అక్కా?" అంది. వడ్రంగి నవ్వాడు. మరిది నవ్వాడు. మా ఆయన కూడా నవ్వారు. ఆ సాయంత్రమే గడియ పడింది. ముందు వేసింది ఆవిడే. చప్పుడు నేను విన్నాను. ఆ తర్వాతే నేను అల్మారా అడ్డం పెట్టించాను. ఇద్దరన్నదమ్ములూ పోయినప్పుడు కూడా జనం ముందు మెట్ల నుంచీ వెనక మెట్ల నుంచీ తిరిగి వచ్చారు తప్ప ఆ తలుపు తెరుచుకోలేదు.

సరిగ్గా సగం చేశాను. ఒక్క అంగుళం ఎక్కువ తీసుకోలేదు. దానికి నవ్వెందుకు?

14, ఆదివారం

గొడవైంది.

నేను ముందు మామూలుగానే అడిగాను, చేతిలో ఉన్న పాత చిన్న అంకె లెన్సుతోనే తీసి పంపొచ్చు కదా అని.

"దాంతో తీస్తే టోపీ గంగాళమవుతుందని నువ్వే అన్నావు."

"అయితే ప్రయత్నం మానేస్తావా?"

"నేనా మానేసింది? నాకేం లెన్సు కావాలో నువ్వు చదివావు, నువ్వు లెక్కేశావు, నువ్వు కొన్నావు. మనిషికి చోటు లెక్కేశావు, లెన్సుకి లెక్కేశావు. నేను నిలబడటానికి మాత్రం చోటు లేదు నానమ్మా."

అది హాలు గురించే అంది. హాలు గురించే అని రాసుకుంటున్నాను.

తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, నెమ్మదిగా, "ఇరవై రెండున చేరతాలే. ఆఫీసరుగారి ఇంటికి ఫోను చేసి చెప్పాను. నువ్వేం బాధపడకు" అంది.

నేను కోరుకున్నది జరిగింది. సంతోషించాలి. తలనొప్పిగా ఉంది.

15, సోమవారం

పిల్ల ఆఫీసుకని చెప్పులు కొనుక్కొచ్చింది. అణకువగా ఉన్నాయి. హాల్లో అటూ ఇటూ నడిచి చూపించింది. పద్దెనిమిది అడుగులూ నడవలేదు, మధ్యలోనే ఆగిపోయింది.

లెన్సు డబ్బాలో పెట్టేసి ఉంది.

16, మంగళవారం

అల్మారాలో పుస్తకాలు దించాను. దుమ్ము దులపాలి కదా, చాలా కాలమైంది. ఖాళీ అల్మారా నేనొక్కదాన్నే పక్కకు జరిపాను. పిల్ల వచ్చి చూసి, చీపురు తెచ్చి ఇచ్చి వెళ్లింది.

తలుపు అలాగే ఉంది. గడియ తుప్పు పట్టింది.

అవతల మిషను నడుస్తోంది. పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. ఇన్నాళ్లూ పుస్తకాలు అడ్డం ఉండటం వల్ల దూరంగా వినిపించేది.

17, బుధవారం

ఏమనాలో పొద్దుననే కూర్చుకున్నాను. "మనవరాలి వృత్తి అవసరం నిమిత్తం కొద్దిసేపు చోటు కావలసి ఉన్నది." బాగానే ఉంది. కానీ స్కూలుకు సెలవు చీటీలా ఉంది.

పిల్ల బయటికి వెళ్లాక తలుపు తట్టాను. మిషను ఆగింది.

"ఎవరు?"

"నేను."

"నేనంటే ఎవరమ్మా? ఈ తలుపు ఎవరూ తట్టరే. ఎలుకలు గీకుతాయంతే."

గొంతు గుర్తుపట్టకపోవడమేమీ లేదు. ఆవిడకు ఇదంతా ఆట.

"పెద్దదాన్ని."

"ఓహో, అక్కా! ఏమైంది? గోడ అటు జరిగిందా, ఇటు జరిగిందా?"

కూర్చుకున్న వాక్యం మొత్తం మర్చిపోయాను.

"నీ హాల్లో నాకు మూడున్నర అడుగులు కావాలి."

అవతల నవ్వు. ఆనాటి నవ్వే. కాకపోతే ఈసారి మధ్యలో దగ్గు వచ్చింది, ఆవిడకూ వయసు వచ్చింది.

"నీ నోట్లోంచి 'కావాలి' అన్న మాట వస్తుందని మీ మరిదితో పందెం కట్టాను. ఉండుంటే ఓడిపోయేవాడు. కొలిచి ఇవ్వనా అక్కా, చూసి ఇవ్వనా?"

"ఎగతాళి తర్వాత చేద్దువు. రేపు పొద్దున తొమ్మిదికి. పిల్ల కోసం. అది ఆఫీసులో చేరతానంటోంది."

"చేరమన్నది నువ్వే కదా?"

"నేనే."

"ఇప్పుడు వద్దనేదీ నువ్వేనా?"

"నేను వద్దనలేదు. పని మొదలుపెట్టాక సగంలో వదలకూడదు అంటున్నాను."

"సరే సరే, నీ భాషలో నువ్వు చెప్పు, నా భాషలో నేను అర్థం చేసుకుంటాను. తలుపు తియ్యి మరి."

"ముందు నీ గడియ తియ్యి."

"నువ్వు తియ్యి అక్కా" అంది. ఈసారి గొంతులో ఆట లేదు. "నేను ఇక్కడే ఉన్నాను."

గడియ కదల్లేదు. నూనె పోశాను. సుత్తి తెచ్చి కొట్టాను. వేలి మీద కూడా ఒక దెబ్బ వేసుకున్నాను. చివరికి గడియ వెనక్కి జారింది. ఆవిడ గడియ తీసే చప్పుడు కోసం ఆగాను. ఏ చప్పుడూ రాలేదు. అవతల కాలు ఆనించిన అలికిడి, అంతే. తలుపు నావైపు తెరుచుకుంది.

ఆవిడ నిలబడి ఉంది. మెడలో టేపు, నోట్లో రెండు పిన్నులు. జుట్టు మొత్తం తెల్లబడింది. దారిలో, పెళ్లిళ్లలో దూరం నుంచి చూస్తూనే ఉన్నాను. అయినా మూడడుగుల దూరంలో మనిషి వేరుగా ఉంటుంది.

"వేలు నలిగిందా?" అంది పిన్నులు తీసి.

"లేదు."

"రక్తం వస్తోంది."

"వస్తే రానీ."

గుడ్డపేలిక చింపి కట్టింది. నేను వద్దనలేదు, నా చెయ్యి ఆవిడ చేతుల్లో ఉంది కాబట్టి.

కడుతుండగా నా కళ్లు తలుపు మీద పడ్డాయి. ఆవిడ వైపు తలుపుకు ఏళ్లుగా వేసిన రంగు పొర మీద పొర ఉంది. లోపల ఆకుపచ్చ, పైన మీగడ రంగు. ఆవిడ గడియ తెరిచి ఉన్నచోటే రంగు పట్టి తలుపుతో కలిసి అతుక్కుపోయింది. గడియ పడాల్సిన రంధ్రం నిండా కూడా రంగే. ఒక్కసారి జరిపి ఉన్నా ఆ పొర పగలాలి. పగల్లేదు.

ఆవిడ నేను చూడటం చూసింది. ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి.

ఆ సాయంత్రం నేను విన్న చప్పుడు మిషనుది అయ్యుండొచ్చు.

18, గురువారం

నలుగురూ తొమ్మిదికే వచ్చారు. నర్సు, బస్సు డ్రైవరు, వంటమాస్టరు, వాచ్‌మన్. మనుషులు మా హాల్లో గోడకు మూడడుగుల ఇవతల. లెన్సు గడపకు ఒకటిన్నర అడుగు అవతల. పిల్ల తోడికోడలి హాల్లో, గుడ్డల మూటల మధ్య, మోచేతులు హాయిగా విప్పుకుని. నిన్న విషయం చెప్పినప్పుడు పిల్ల డబ్బాలోంచి లెన్సు తీసి తుడవటం మొదలుపెట్టింది. అరగంట తుడిచింది.

ముందు డ్రైవరు.

"చేతులు ఎక్కడ పెట్టుకోవాలమ్మా?" అన్నాడు.

"పక్కన పెట్టుకో బాబూ. నిటారుగా నిలబడు. గడ్డం పైకి. కదలకు."

మేకు కొట్టినట్టు నిలబడ్డాడు. పిల్ల తీసింది, చూసింది, తల అడ్డంగా ఊపింది. నేను ఇంకా గట్టిగా చెప్పాను. వాడు ఇంకా గట్టిగా బిగిశాడు.

"నానమ్మా, దయచేసి 'నిటారుగా' అనకు" అంది పిల్ల.

కెమెరా వెనక నుంచి, మిషను దగ్గర కూర్చుని, ఆవిడ అందుకుంది. "ఏం నాయనా, టికెట్టు లేనివాడిని పట్టుకున్నావా, నువ్వే టికెట్టు లేకుండా దొరికిపోయావా?"

డ్రైవరు పకపకా నవ్వాడు. భుజాలు దిగాయి. ఒక చెయ్యి దానంతట అదే బెల్టు మీదికి వెళ్లింది. పిల్ల వరసగా తీసేసింది.

ఆ తర్వాత నేను నోరు మూసుకున్నాను. నాకు అది కష్టం.

వంటమాస్టరు కోటుకు పొట్ట దగ్గర బొత్తాలు ఊడిపోయేలా ఉన్నాయి. ఆవిడ లేచి వచ్చి వీపు మీద కుట్టు విప్పి పిన్నులు పెట్టింది. "ముందు నుంచే కదా తీసేది. వెనక నీ బండారం నాకూ నీకూ తప్ప ఎవరికి తెలుస్తుంది?" అంది. వాచ్‌మన్‌ను "నా మిషను ఎవరైనా ఎత్తుకుపోతే పరిగెత్తగలవా?" అని అడిగింది. "మిషనుతో పాటు మిమ్మల్ని కూడా ఎత్తుకుపోతే పరిగెత్తనమ్మా" అన్నాడు. అది కూడా ఫొటోలో పడింది, ఆ మాట అంటున్న ముఖం.

నర్సు ఫొటో పెద్దది చేసి చూశాం. టోపీ నుంచి బూటు లేసు దాకా నీళ్లలో కడిగినట్టుంది. కొలతలు ఎక్కడా చెడలేదు. జేబు మీద కుట్టు లెక్కపెట్టాను. రెండు చోట్ల దారం దారి తప్పింది, మెడ దగ్గర పోగు వేలాడుతోంది.

"ఇది లెన్సు లోపం కాదు" అన్నాను ముందే.

"ఆ లెన్సు నీలాంటిదే అక్కా. ఏదీ వదలదు" అని ఆవిడ కత్తెర పట్టుకుని ఇటువైపు వచ్చి పోగు కత్తిరించింది. మళ్లీ తీశాం.

అప్పుడే తెలిసింది, ఆవిడ మా హాల్లో నిలబడి ఉందని. ఆవిడకూ అప్పుడే తెలిసినట్టుంది. చుట్టూ చూసింది.

"మంచం వంటింట్లో ఎందుకుంది?"

"శుభ్రం చేస్తున్నాం."

"వంటింట్లోకి ఎలా వెళతారు?"

"ఎక్కి దిగుతాం."

నవ్వింది. పిల్ల నవ్వింది. నర్సు కూడా నవ్వింది. నేను ఆ నవ్వు మీద ఏమీ రాయడం లేదు.

19, శుక్రవారం

నాలుగూ పంపింది. సాయంత్రం దాకా ఫోను మోగలేదు. పిల్ల ఆఫీసు చెప్పులు గుమ్మం దగ్గర జతగా పెట్టుకుంది. రెండుసార్లు వాటిని మంచం కిందికి తోశాను. రెండుసార్లూ మళ్లీ గుమ్మం దగ్గరే కనిపించాయి. ఎవరికి ఏం కావాలో ఈ ఇంట్లో తెలియడం లేదు.

కంటికి కనిపిస్తున్న మంచి ఫొటోకు జవాబివ్వడానికి మేనేజరుకు ఇంతసేపా?

20, శనివారం

మధ్యాహ్నం మేనేజరు ఫోను చేశాడు. పిల్ల స్నానంలో ఉంది, నేనే ఎత్తాను.

"అమ్మా, మీ ఫొటోల్లో మా కుట్టు లోపాలన్నీ బయటపడ్డాయండీ."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. "లోపం కుట్టులో ఉంది, ఫొటోలో లేదు" అన్నాను.

"అదేనండీ నేననేది! మా టైలర్ల ముందు పెట్టి ఒక్కొక్కరినీ నిలదీశాను. మిగతా యూనిఫాంలన్నీ పాప చేతే తీయిస్తాం, వచ్చే నెల నుంచి నెలకు రెండుసార్లు. ఒక్కటే షరతు. అదే గది, అదే వెలుతురు, అదే దూరం. అన్నీ ఒకేలా కనిపించాలి."

"దూరం మారదు" అన్నాను.

పిల్ల తల తుడుచుకుంటూ వచ్చింది. చెప్పాను. ఈసారి చెయ్యి చాచలేదు, రెండు చేతులతో చుట్టేసింది. తడి జుట్టు, నా చీరంతా తడిసింది. తర్వాత తెరిచి ఉన్న తలుపులోంచి "చిన్ననానమ్మా!" అని అరుచుకుంటూ వెళ్లిపోయింది. వెనక మెట్లు ఎక్కే పని ఇక లేదు.

21, ఆదివారం

మంచం హాల్లోకి వచ్చింది. పుస్తకాలు కిటికీ పక్క గోడకు సర్దాను. అల్మారా అక్కడ కుదురుగా పట్టింది. కొలవలేదు, చూసి పెట్టాను. ఒక అంగుళం కిటికీ మీదికి వచ్చింది.

22, సోమవారం

ఆఫీసుకు నేనే ఫోను చేసి పిల్ల చేరడం లేదని చెప్పాను. మూడో బెంచీ ఆఫీసరు "మీరే ఇప్పించి మీరే వద్దంటున్నారేంటి మేడమ్?" అన్నాడు. ఇంకో పని కుదిరిందన్నాను. వాడు నమ్మాడు. నిజమే కదా.

తర్వాత రంగులాయనను పిలిపించాను. మధ్య తలుపుకు మా వైపు రంగు వెయ్యమన్నాను. అవతలి వైపున్న మీగడ రంగే. గడియ విప్పి పక్కన పెట్టి వేస్తే పని శుభ్రంగా ఉంటుందమ్మా అన్నాడు, రంగు మీద పడితే మళ్లీ కదలదన్నాడు.

"విప్పొద్దు" అన్నాను. "ఇప్పుడెలా తెరిచి ఉందో అలాగే ఉంచి, దాని మీద నుంచే వేసెయ్యి. రెండు పూతలు."